పదిహేడో నమూనా

ఓట్టేరి సందులో ఆదివారం పొద్దున ఏడున్నర.
కొనేవాళ్ళ వరసలో నేనూ ఒకదాన్ని.
సంచి అడుగున ఐసు డబ్బా,
చేతులకు స్పిరిట్ వాసన.
పరీక్షకు వచ్చానని చెప్పకూడదు.
చెబితే కత్తి కడుగుతారు,
కడిగిన కత్తి నాకు అబద్ధం చెబుతుంది.

"తోలు తీసేదా, తోలుతోనేనా?"
ఎస్తేరమ్మ తలెత్తకుండానే అడిగింది.
చింతమొద్దు మధ్యలో గుంట,
ఎన్నేళ్ళ ఆదివారాలో తొలిచినది.
ఆమెది మూడు తరాలుగా మద్రాసులో నానిన తెలుగు.
నాది సూళ్ళూరుపేట దాటొచ్చి నాలుగేళ్ళే.
"తోలుతోనే" అన్నాను.
తెలుగు మాట్లాడానని
ఒక కార్జం ముక్క ఊరికే వేసింది.
నమూనాలో కార్జం ఉండకూడదు.
తీసెయ్యమనడానికి నోరు రాలేదు.

మాధవరం ల్యాబులో ఆమెకు పేరుండదు.
మూత మీద మార్కర్‌తో: పదిహేడు.
ఇరవై ఐదు గ్రాములు తూచి
పెప్టోన్ నీళ్ళలో వేసి
పెట్టెలో పెట్టాను.
ముప్పై ఏడు డిగ్రీలు, మనిషి ఒంటి వేడి.
మర్నాడు ఇంకో గొట్టంలోకి మార్చి
నలభై రెండు. అది కోడి ఒంటి వేడి.
కోడి పొదగాల్సిన చోట
మేం దీన్ని పొదుగుతాం.

నెల మొదట్లో తిరువళ్ళూరు అవతల
ఒక షెడ్డులోకి వెళ్ళాను,
బూట్లకు గాజుగుడ్డ తొడుక్కుని
ఊకపొట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకు.
అయిదు వేల పిల్లలు
తెల్లటి నీళ్ళలా పక్కకు తప్పుకున్నాయి.
ఒక్కటీ ముక్కలేదు, మూలగలేదు.
వాటికేం జబ్బు లేదు,
మోసుకుపోవడమే వాటి వంతు.

నాలుగో రోజు ప్లేటు తీశాను.
ఎర్రటి మీడియం మీద నల్లటి చుక్కలు,
గుండ్రంగా, నిగనిగలాడుతూ,
చంటిపిల్ల బుగ్గన పెట్టిన దిష్టిచుక్కల్లా.
ఇక్కడ చుక్కే దిష్టి.
గాజుపలక మీద సీరం వేస్తే
పాలు విరిగినట్టు విరిగింది.
రిజిస్టర్లో రాశాను: పదిహేడు, ఉంది.

అప్పటికి గురువారం.
ఆ కోడి ఆదివారం మధ్యాహ్నానికే
ఓట్టేరిలో ఏ ఇంటి పులుసులోనో ఉడికిపోయింది.
పులుసుకి భయం లేదు.
భయమల్లా కోడి తరిగిన కత్తితోనే
ఆ వెంటనే తరిగిన ఉల్లిపాయకి,
అందులోంచి రెండు ముక్కలు
పచ్చిగా నోట్లో వేసుకున్న పిల్లాడికి.

అంగడి పేరు బయటపెట్టకూడదు. నిబంధన.
అయినా మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఐసు డబ్బా లేకుండా.
అరకిలో కొట్టించుకుంటూ
ఏదో పక్కింటి కబురులా అన్నాను:
"అక్కా, ఆ బకెట్లో నీళ్ళు
కాస్త మార్చకూడదా?"
బకెట్ వైపు చూసింది.
గులాబి రంగు నీళ్ళు, పైన ఒక ఈక.
"తన్ని లారీ బేస్తవారం వస్తే మళ్ళా ఆదివారమే.
నాకు పదకొండు బిందెలు.
ఇంటికి ఆరు, కోళ్ళకి రెండు,
మిగతాది ఇదిగో, ఈ బకెట్లో.
ఏది మార్చమంటావు, చెప్పు?"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ
పన్నెండో బిందె లేదు.

శుక్రవారం పారేసే రోజు.
ప్లేట్లన్నీ సంచుల్లో కట్టి ఆటోక్లేవ్‌లోకి తోశాం.
నూట ఇరవై ఒకటి డిగ్రీలు, పావుగంట.
పదిహేడూ పోయింది, దాని చుక్కలూ పోయాయి.
మూత తీయగానే వరండా పొడుగునా
చికెన్ సూపు వాసన.
అటెండర్ వడివేలు గుమ్మం దగ్గర ఆగి
గాలి పీల్చి, నవ్వి,
"ఆకలేస్తోంది మేడమ్" అన్నాడు.

నాకూ వేసింది.
ముందు చేతులు కడుక్కున్నాను.
కుళాయి ఎంతసేపు తిప్పితే అంతసేపూ
నీళ్ళు వస్తూనే ఉన్నాయి.